మానుకూ కొంత వంపు

"మొక్కై వంగనిది మానై వంగునా?" అన్న సామెత తెలుగునాట పిల్లల పెంపకాన్ని గురించి పుట్టినది. చిన్ననాడు అలవడని వినయం, విద్య పెద్దనాడు అలవడవని దాని తాత్పర్యం. కాని ఆ సామెతను నిజంగా శరీరానికే అన్వయించి, అందులో నిజమెంత, నిరాశ ఎంత అని తూచి చూచినవారు తక్కువ. నడుము వంగడం లేదని, మోకాలు మడవడం లేదని, భుజం లేవడం లేదని తెలిసిన నాడు అరవై ఏళ్ల మనిషి ఈ సామెతనే తలచుకొని, "ఇక ఇంతే" అని కుర్చీకి అంటుకొనిపోతాడు. ఆ "ఇక ఇంతే" అన్న మాటలో శాస్త్రమెంత, అలవాటు ఎంత అన్నది విచారింపదగిన విషయం.

నేలమీద విస్తళ్లు పరచి వడ్డించే పెళ్లిపంక్తిని ఒక్కసారి పరికిస్తే వయసు చేసే పని కంటికి కనపడుతుంది. ఐదేళ్ల మనుమడు విస్తరి ముందు చతికిలబడి, కాళ్లను ఎటు కావలిస్తే అటు మడిచి, వడ్డన ముగియకమునుపే రెండుసార్లు లేచి మళ్లీ కూర్చుంటాడు. నలభై ఏళ్ల తండ్రి బాసింపట్టు వేసుకొని కూర్చుంటాడు గాని, పెరుగన్నం వేళకు ఒక మోకాలు పైకెత్తి సర్దుకుంటాడు. డెబ్బై ఏళ్ల తాత అసలు పంక్తిలోనే ఉండడు. ఆయన కొరకు గోడవార ఒక బల్ల, ఒక కుర్చీ వేరుగా వేసి ఉంటాయి. ఒకే ఇల్లు, ఒకే నెత్తురు, ఒకే భోజనం. తేడా అంతా కీళ్ల వంపులోనే.

నేలమీద కూర్చుని, ఎవరి చేయీ పట్టుకొనకుండా లేవగలగడం చిన్న విషయంగా తోచవచ్చును. కాని వృద్ధాప్యంలో మనిషి స్వాతంత్ర్యమంతా ఇటువంటి చిన్న విషయాల మీదనే నిలిచి ఉన్నది. చేతులు వెనుకకు పోనిచ్చి జడ అల్లుకోవడం, పంచెకు వెనుక గోచి దోపుకోవడం, వంగి కాలిగోళ్లు తీసుకోవడం, అటకమీది డబ్బాను అందుకోవడం, ఎత్తైన బస్సు మెట్టు ఎక్కడం, వీటిలో ఏ ఒక్కటీ బలంతో మాత్రమే జరిగేది కాదు. ప్రతి పనికీ ఏదో ఒక కీలు కొంత దూరం తిరగవలెను. ఈ పనులు ఒక్కొక్కటిగా ఇంకొకరి చేతిమీదుగా జరగవలసి వచ్చిన నాడే ముసలితనం నిజంగా ఇంట అడుగు పెడుతుంది. నెరసిన జుట్టు దానికి ముందుగా వచ్చే కబురు మాత్రమే.

ఇళ్లలో "ఒళ్లు వంగడం" అని వ్యవహరించే ఈ గుణాన్ని శాస్త్రజ్ఞులు నమ్యత అంటారు. దానిని డిగ్రీలలో కొలుస్తారు. కెనడాలో 55 నుండి 86 ఏళ్ల వరకు వయసు గల నాలుగువందల పైచిలుకు స్త్రీ పురుషులను పరీక్షించి 2013లో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారం, భుజం ప్రక్కకు పైకి లేచే దూరం పదేళ్లకు సుమారు 5, 6 డిగ్రీల చొప్పున, తుంటి ముందుకు మడిచే దూరం 6, 7 డిగ్రీల చొప్పున తగ్గుతూ వస్తున్నది. పురుషులలో డెబ్బై దాటిన తరువాత, స్త్రీలలో అరవై దాటిన కొన్నాళ్లకు భుజంలో ఈ తరుగుదల వేగం పుంజుకుంటున్నది. ఒక్కరోజులో ఎవరికీ తెలిసే నష్టం కాదిది. గోడ గడియారంలో చిన్నముల్లు వలె, కదులుతున్నట్లు కనపడదు. కొంతసేపటికి చూస్తే కదిలి ఉంటుంది.

బ్రెజిల్ దేశంలో రియో డి జనీరో నగరపు పరిశోధకులు 46 నుండి 65 ఏళ్ల మధ్య వయసు గల 3,139 మందికి 7 కీళ్లలో 20 కదలికలను పరీక్షించి, సగటున దాదాపు 13 ఏళ్లపాటు వారిని గమనించి, 2024లో ఫలితాలను వెల్లడించారు. ఒళ్లు ఎక్కువగా వంగేవారిలో మరణాలు తక్కువగా కనపడినవి. ఒళ్లు వంచినందువల్లనే ఆయుస్సు పెరిగినదని దీనికి అర్థం కాదు. ఆరోగ్యవంతుల ఒళ్లు సహజంగానే ఎక్కువ వంగి ఉండవచ్చును. అయినా కీళ్ల బిగువును కేవలం అందచందాలకు, ఆటపాటలకు సంబంధించిన విషయంగా త్రోసిపుచ్చడానికి వీలులేదని ఇది హెచ్చరిస్తున్నది.

ఎముక, నేత, నరం

కీలు ఎంత దూరం తిరగగలదన్నది మూడింటి మీద ఆధారపడి ఉన్నది: ఎముకల ఆకారం, వాటిని పెనవేసుకొని ఉన్న కండరాల, నారపట్టీల నేత, ఆ నేతకు కాపలా కాసే నరాలు. వయసు ఈ మూడింటి మీదా పనిచేస్తుంది గాని, మూడింటి మీదా ఒకే రీతిగా పనిచేయదు. సామెతలోని పొరపాటు ఇక్కడనే ఉన్నది. అది మూడింటినీ కలిపి ఒక్క మానుగా లెక్కకట్టినది.

మొదటిది ఎముక. ఇందులో సామెతదే గెలుపు. కృష్ణా జిల్లా కూచిపూడి గ్రామంలో నాట్యం వంశవిద్యగా సాగిన కాలమంతటా పిల్లలకు పసితనంలోనే అడుగులు నేర్పడం ఆచారం. ఆ నాట్యానికి మూలమైన అరమండిలో మోకాళ్లు రెండు ప్రక్కలకూ తెరుచుకొనవలెను. ఆ తెరపు మోకాలి నుండి కాక తుంటికీలు నుండి రావలెను. తుంటిలో కూర్చునే తొడ ఎముక మెడ పుట్టినప్పుడు సుమారు 40 డిగ్రీలు ముందుకు తిరిగి ఉండి, పెరిగినకొద్దీ వెనుకకు మళ్లుతూ, యౌవనానికి 15 డిగ్రీల దాపున నిలుస్తుంది. ఎదుగుదల ఆగిన తరువాత ఆ కోణాన్ని ఏ సాగదీతా మార్చలేదు. ముప్పై ఏళ్ల వయసులో నాట్యం మొదలుపెట్టిన వ్యక్తికి అరమండి ఎంత తెరుచుకుంటుందన్నది చాలవరకు ఆ ఎముక మీద ఆధారపడినది. అంతకుమించి బలవంతం చేస్తే ఆ భారం మోకాలు మోయవలసి వస్తుంది. అటువంటివారికి తమ ఎముక ఇచ్చినంతలో నిలబడి నాట్యం చేయడమే క్షేమం.

రెండవది నేత. కండరాన్ని ఎముకకు కట్టివేసే స్నాయువులు, ఎముకను ఎముకకు కట్టివేసే సంధిబంధనాలు, కండరం చుట్టూ ఉన్న పలుచని పొరలు, ఇవన్నీ ప్రధానంగా కొల్లాజెన్ అనే మాంసకృత్తితో నేసినవి. కొబ్బరిపీచు తాడులో పురుల వలె కొల్లాజెన్ పోగులు కలిసి ఉంటాయి. పసివయసులో ఆ పోగుల మధ్య నీరు ఎక్కువ, ముడులు తక్కువ. ఒకదానిమీద ఒకటి సులభంగా జారుతాయి. అందువల్లనే చంటిబిడ్డ తన కాలిబొటనవ్రేలిని తానే నోట పెట్టుకోగలదు. వయసు పెరిగినకొద్దీ పోగుకూ పోగుకూ మధ్య అడ్డముడులు పడతాయి. వాటిలో కొన్ని నెత్తుటిలోని చక్కెర కొల్లాజెన్‌కు అంటుకొనడం వల్ల ఏర్పడేవి. పెనం మీద కాలిన రొట్టె ఎర్రబడటానికి కారణమైన రసాయనచర్య కూడా ఈ కోవకు చెందినదే. రొట్టెకు నిమిషాలలో జరిగేది దేహానికి దశాబ్దాలలో జరుగుతుంది.

నెత్తుటిలో చక్కెర ఎక్కువగా ఉన్నవారికి ఈ బిగువు వయసుకంటె ముందుగా వచ్చిపడుతుంది. చాలా ఏళ్లుగా మధుమేహం ఉన్నవారిలో కొందరికి రెండు అరచేతులూ ఎంత దగ్గరకు తెచ్చినా వ్రేళ్లు పూర్తిగా అంటుకొనవు. మధ్యలో సందు మిగిలిపోతుంది. వైద్యులు ఈ గుర్తును ప్రార్థనా సంకేతం అంటారు. ఎదుటివారికి నిండుగా నమస్కారం పెట్టలేని ఆ చేతులను చూచి, ఇది వట్టి ముసలితనమని సరిపెట్టుకొనడం పొరపాటు. నలభైకి, అరవైకి మధ్య భుజం నొప్పితో మొదలై క్రమంగా బిగుసుకొనిపోయే జబ్బు కూడా మధుమేహం ఉన్నవారిలోనే ఎక్కువ. ఇటువంటి బిగువుకు సాగదీతకంటె ముందు వైద్యుని సలహా కావలెను.

అణుబాంబులు చెప్పిన సాక్ష్యం

స్నాయువుల నేత ఎంత పాతదో తెలిసిన వైనం విచిత్రమైనది. 1955 నుండి 1963 వరకు అగ్రరాజ్యాలు ఆకాశంలో విరివిగా అణ్వస్త్ర పరీక్షలు జరిపినందువల్ల గాలిలో రేడియోధార్మిక కర్బనం ఇంచుమించు రెట్టింపైనది. బహిరంగ పరీక్షలను నిషేధించే ఒడంబడిక 1963లో కుదిరిన తరువాత అది ఏటేటా తగ్గుతూ వచ్చినది. గాలిలోని కర్బనం మొక్కలలోకి, మొక్కల నుండి ఆహారంలోకి, ఆహారం నుండి మనుషుల దేహాలలోకి చేరినది. కనుక ఆ కాలంలో పెరిగిన ప్రతి దేహంలోనూ ఆ సంవత్సరాల ముద్ర పడినది. ఒక కణజాలంలో ఆ కర్బనం ఎంత ఉన్నదో కొలిస్తే, అది ఏ ఏటి నేతో లెక్క తేలుతుంది.

డెన్మార్కులో కోపెన్‌హాగన్ నగరపు పరిశోధకులు ఈ ఉపాయంతో మడమ వెనుక ఉండే పెద్ద స్నాయువును పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఆ స్నాయువు నడిమి భాగం పుట్టిన నాటి నుండి పదిహేడేళ్లలోపున ఏర్పడి, తరువాత చెప్పుకోదగినంతగా మారడం లేదని తేలినది. అదే మనుషుల కండరాలలో మాత్రం ఆ పాత ముద్ర నిలవలేదు. కండరం తన పదార్థాన్ని మార్చుకుంటూనే ఉన్నది. అంటే అరవై ఏళ్ల మనిషి నడుస్తున్నది సగం బాల్యం నాటి స్నాయువులతో, సగం నిన్నమొన్నటి కండరాలతో. మొక్కగా ఉన్నప్పటి రూపునే నిలుపుకున్న భాగమూ ఆయన ఒంట్లో ఉన్నది, ఎప్పటికప్పుడు చిగురించే భాగమూ ఉన్నది. సామెత మొదటిదానిని చూచినది, రెండవదానిని చూడలేదు.

మూడవది నరం. ఇది అన్నిటికంటె తక్కువగా గుర్తింపబడినది. కండరం లోపల దాని సాగుదలను కనిపెట్టి వెన్నుపాముకు కబురు పంపే సన్నని నాడీతంతువులు ఉన్నవి. కండరం హఠాత్తుగా సాగితే అవి కేక వేస్తాయి. వెన్నుపాము ఆ కండరాన్ని వెంటనే బిగిస్తుంది. మోకాలి చిప్ప క్రింద చిన్న సుత్తితో వైద్యుడు తట్టినప్పుడు కాలు ఎగిరిపడేది ఈ కాపలా వల్లనే. నిదానంగా సాగదీసినప్పుడు ఆ కేక లేకపోయినా, "ఇంతకుమించి ప్రమాదం" అని హెచ్చరించే నొప్పి ఒకటి ఉంటుంది. రోజూ కుర్చీలో కూర్చుని, ఎన్నడూ పూర్తిగా వంగని మనిషికి ఆ హెచ్చరిక చాలా ముందుగా వస్తుంది. తన పొలిమేర దాటిన ఎరుగనిదాని వలె నరం ప్రతి కొత్త దూరాన్నీ శత్రువుగా చూస్తుంది.

కొన్ని వారాలు సాగదీత సాధన చేసినవారి ఒళ్లు ఎక్కువ వంగుతుందన్నది అందరూ ఎరిగినదే. అయితే కండరం నిజంగా పొడుగైనదా, లేక ఆ లాగుడును సహించే ఓర్పు పెరిగినదా అన్న ప్రశ్న చాలాకాలం వివాదంగా ఉన్నది. కొద్దివారాల సాధనలో కలిగే లాభంలో అధికభాగం ఓర్పు పెరిగినందువల్లనే అని 2010లో ఇద్దరు పరిశోధకులు అప్పటివరకు వచ్చిన ఆధారాలను సమీక్షించి వాదించారు. కండరం అదే, దానిని లాగే బలమూ అదే, కాని దేహం ఇంకొంత దూరం ఒప్పుకుంటున్నది. ఈ మాట యువకులకు కుతూహలం కలిగించే విషయం మాత్రమే. వృద్ధులకు మాత్రం ఆశ కలిగించే విషయం. ఎందుకంటే స్నాయువు కొత్తగా నేయబడకపోయినా, నరం మాత్రం కొత్త పాఠం నేర్చుకోగలదు.

అరవై రెండుగురు వృద్ధుల పాఠం

ఈ ఆశకు ఆధారమున్నదా అని అడిగేవారికి 2001లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశోధన సమాధానం చెబుతున్నది. అందులో పాల్గొన్నవారు 62 మంది. వయసు 65 మొదలుకొని 97 వరకు. సగటు ఇంచుమించు 85. అందరికీ తొడ వెనుక కండరాలు బిగిసి ఉన్నవి. వారిని నాలుగు జట్లుగా చేసి, ఒక జట్టును ఊరక ఉంచి, తక్కిన మూడు జట్లచేత ఆ కండరాన్ని విడతకు 15 క్షణాలు, 30 క్షణాలు, 60 క్షణాలు చొప్పున నాలుగేసి విడతలు, వారానికి అయిదు రోజులు, ఆరు వారాలపాటు సాగదీయించారు.

ఫలితం స్పష్టంగా వచ్చినది. 15 క్షణాల జట్టుకు మోకాలి చలనం వారానికి 0.6 డిగ్రీ, 30 క్షణాల జట్టుకు 1.3 డిగ్రీలు, 60 క్షణాల జట్టుకు 2.4 డిగ్రీలు చొప్పున పెరిగినది. ఆరు వారాల లెక్క కడితే చివరి జట్టుకు ఇంచుమించు 14 డిగ్రీలు. పైన చెప్పిన లెక్క వేరొక కీలుకు సంబంధించినదైనా, అక్కడ పదేళ్లలో పోయేది 5, 6 డిగ్రీలని గుర్తుంచుకుంటే, ఆరు వారాలలో వచ్చిన ఈ లాభం ఎంతటిదో ఊహించవచ్చును. ఎనభై అయిదేళ్ల మానులు వంగినవి.

అయితే ఈ కథలో రెండు మలుపులు ఉన్నవి. అంతకుముందు 1990 దశకంలో యువకులతో ఇదే కండరం మీద జరిపిన పరీక్షలలో 30 క్షణాలు పట్టినా, 60 క్షణాలు పట్టినా ఫలితం ఒకటే అయినది. యౌవనానికి అర నిమిషం చాలినది. వార్ధక్యం పూర్తి నిమిషం అడిగినది. వయసు తలుపు మూయలేదు గాని, తలుపు వద్ద ఇంకొంతసేపు నిలబడమన్నది. రెండవ మలుపు ఇంకా ముఖ్యమైనది. సాధన ఆపిన నాలుగు వారాలకు కొలిచి చూస్తే, 60 క్షణాల జట్టుకు మొదటికంటె 5.4 డిగ్రీలు మాత్రమే మిగిలినవి. తక్కిన రెండు జట్లకు ఒక్క డిగ్రీ కూడా మిగలలేదు. వచ్చిన వంపు ఆస్తిగా నిలిచేది కాదు. అది రోజుకూలి వంటిది. పనికి పోయిన రోజులకే దక్కుతుంది.

గురువులు ఎరిగిన సత్యం

వయసును బట్టి సాధనను మార్చవలెనన్న విషయం ఈ దేశపు యోగాచార్యులకు క్రొత్త కాదు. మైసూరులోను, తరువాత మద్రాసులోను బోధించిన తిరుమలై కృష్ణమాచార్యులు 1888లో పుట్టి 1989 వరకు, నూరేళ్లు జీవించారు. ఎదిగే వయసుకు సృష్టిక్రమం, సంసారం నడిపే నడివయసుకు స్థితిక్రమం, మలివయసుకు అంత్యక్రమం అని సాధనను మూడు తీరులుగా విభజించడం ఆయన సంప్రదాయంలో ఉన్నది. ఆసనానికి శిష్యుణ్ణి తగిలించడం కాదు, శిష్యునికి ఆసనాన్ని తగిలించవలెనన్నది దాని సారాంశం.

ఆయన వద్ద 1934లో పదిహేనేళ్ల వయసులో చేరిన బెళ్లూరు కృష్ణమాచార్ సుందరరాజ అయ్యంగార్, అంటే లోకమెరిగిన బి.కె.ఎస్. అయ్యంగార్, మొదట వరుస జబ్బులతో చిక్కిన బలహీనుడు. వంగితే చేతివ్రేళ్లు మోకాళ్లను దాటి పోయేవి కావని ఆయనే చెప్పుకున్నారు. మొక్కగా ఉన్నప్పుడే వంగని దేహమది. ఆ దేహంతోనే ఆయన లోకానికి ఆసనాలు నేర్పి, తొంభై దాటిన తరువాత కూడా సాధన మానక, 2014లో 95వ ఏట కన్నుమూశారు. వంగనివారి కష్టం తెలిసినందువల్లనేమో, చెక్కదిమ్మలు, పట్టీలు, తాళ్లు, కుర్చీలు ఆసరాగా ఇచ్చి ఆసనాలు వేయించే పద్ధతిని ఆయన విస్తృతంగా ప్రచారం చేశారు. చేయి నేలకు అందకపోతే నేలనే ఒక దిమ్మ ఎత్తున పైకి తెచ్చే ఉపాయమిది. వృద్ధులకు దీనికంటె మేలైన కానుక లేదు.

తెలుగునాట మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితంలో ఇందుకు తగిన ఉదాహరణ ఒకటి ఉన్నది. ఆయన అప్పటికే ఏళ్ల తరబడి ఆసనాలు వేస్తున్నవారు. అయినా 1965లో, డెబ్బయ్యవ ఏట, కృష్ణమాచార్యుల కుమారుడైన దేశికాచార్ వద్ద మళ్లీ విద్యార్థిగా కూర్చున్నారు. గురువు వయసు అప్పటికి ముప్పై లేదు. ప్రపంచమంతటా వేలమందికి ఉపన్యాసాలు ఇచ్చే వ్యక్తి, మనుమని ఈడు ఉపాధ్యాయుని ఎదుట కూర్చుని ఊపిరి ఎట్లా పీల్చవలెనో మొదటినుండి తెలుసుకొనడం గమనింపదగిన విషయం. ఆ తరువాత ఆయన ఇరవై ఏళ్లు జీవించి, 1986లో తొంభయ్యవ ఏట కాలం చేశారు. ఒళ్లు వంగడానికి ముందు మనసు వంగవలెనన్న మాట ఇటువంటి చోట అలంకారం కాదు.

వంగకూడని వంపు

ఆశ చెప్పినంత స్పష్టంగా అపాయమూ చెప్పవలెను. నలభై దాటిన తరువాత యోగ తరగతులలో చేరేవారు తరచు చేసే తప్పు, ప్రక్కనున్న ఇరవై ఏళ్ల కుర్రవానితో పోటీపడటం. అది కండరానికి నష్టం. ఎముకలు గుల్లబారినవారికి అంతకంటె పెద్ద ప్రమాదం. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు వెన్నెముక గుల్లబారిన స్త్రీలచేత వేరువేరు వ్యాయామాలు చేయించి 1984లో ఫలితాలు ప్రకటించారు. వెన్నును వెనుకకు విరిచే వ్యాయామాలు చేసినవారిలో 16 శాతం మందికి క్రొత్తగా వెన్నుపూసలు నలిగితే, ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతం మందికి నలిగినవి. పరీక్షకు లోనైనవారు కొద్దిమందే అయినా, తేడా మాత్రం ఉపేక్షింపదగినది కాదు. కాళ్లు బారచాపి నుదురు మోకాళ్లకు ఆనించే పశ్చిమోత్తానాసనం యువతికి మేలు చేయవచ్చును. ఎముకలు గుల్లబారిన ఆమె అమ్మమ్మకు అదే ఆసనం వెన్నుపూసను నలుగగొట్టవచ్చును. ముట్లుడిగిన స్త్రీలు తమ ఎముకల సంగతి వైద్యుని వద్ద తెలుసుకొనకుండా వీపు గుండ్రంగా వంచే సాధనకు దిగకూడదు.

కీళ్లు అరిగి ఎముకకు ఎముక అడ్డుపడినచోట సాగదీత పనిచేయదు. తుంటికీలు మార్పించుకున్నవారికి శస్త్రచికిత్స చేసిన వైద్యుడు చెప్పిన హద్దులే హద్దులు. కండరంలో తీపుగా, లాగుతున్నట్లుగా తెలిసే నొప్పి వేరు. కీలులో సూదితో పొడిచినట్లుండే నొప్పి, కాలి క్రిందికి జివ్వున ప్రాకే నొప్పి వేరు. మొదటిది సాధనకు తోడు. రెండవది ఆగమనే ఆజ్ఞ.

హద్దులు తెలిసిన తరువాత సాధన సులభమైనది. చల్లబడి ఉన్న ఒంటిని లాగకూడదు. పది నిమిషాల నడక తరువాత, లేదా వేన్నీళ్ల స్నానం తరువాత లాగవలెను. కుదుపులు పనికిరావు. నిదానంగా లాగుడు తెలిసేవరకు పోయి, అక్కడ ఊపిరి బిగపట్టకుండా నిలవవలెను. అమెరికా క్రీడావైద్య కళాశాల 2011లో ఇచ్చిన సూచనల ప్రకారం సాధారణ వయస్కులకు విడతకు 10 నుండి 30 క్షణాలు, వృద్ధులకు 30 నుండి 60 క్షణాలు మేలు. వారానికి రెండు మూడు రోజులకు తక్కువ కాకూడదు. రోజూ చేస్తే మరీ మంచిది. పిక్కలు, తొడల వెనుక భాగం, తుంటి ముందు భాగం, రొమ్ము, భుజాలు, ఈ అయిదు చోట్లు చూచుకుంటే దినచర్యకు కావలసినది చాలవరకు దక్కుతుంది.

సాగదీత ఒక్కటే చాలునని భ్రమపడకూడదు. బరువులెత్తే వ్యాయామాన్ని, సాగదీతను పోల్చిన పరిశోధనలను 2021లో కలిపి చూచినప్పుడు, కీళ్ల చలనాన్ని పెంచడంలో రెండింటికీ చెప్పుకోదగిన తేడా కనపడలేదు. కీలును దాని పూర్తి దూరం తిప్పుతూ చేసే ఏ పని అయినా సాగదీతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 65 దాటినవారికి వారానికి మూడు రోజులైనా బలాన్ని, నిలకడను పెంచే వ్యాయామం చేయుమని సూచించినది. వంగిన మనిషి లేవడానికి బలం, లేచిన మనిషి పడకుండా ఉండటానికి నిలకడ కావలెను గదా!

ఇక్కడనే పాత తెలుగు ఇంటి ఆచారం గుర్తుకు రావలసి ఉన్నది. నేలమీద పీట వేసుకొని భోజనం, గొంతుకూర్చుని గిన్నెలు తోమడం, వంగి ముగ్గు పెట్టడం, ఇవి వ్యాయామమని ఎవరూ అనలేదు. కాని తుంటిని, మోకాలిని, మడమను రోజుకు పదిసార్లు వాటి చివరి హద్దు వరకు తిప్పినవి ఇవే. భోజనాల బల్ల, కుర్చీ, నిలువు వంటగట్టు వచ్చి ఎంతో శ్రమ తప్పించినవి. ఆ సుఖాన్ని వద్దనడం న్యాయం కాదు. ముఖ్యంగా స్త్రీల నడుములు విరిచిన ఆ చాకిరీని వ్యాయామమని పొగడటం అన్యాయం. కాని శ్రమతోపాటు వంపు కూడా ఇంటినుండి వెళ్లిపోయినది. చాకిరీని తిరిగి తెచ్చుకొనకుండా వంపును మాత్రం తిరిగి తెచ్చుకొనడమే ఈనాటి సాధన ప్రయోజనం. రోజుకు ఒక్కపూట అయినా గోడ ఆసరాతో నేలమీద కూర్చుని లేచే తాత తన స్వాతంత్ర్యాన్ని తానే కాపాడుకుంటున్నాడు.

జామతోటల పెంపకంలో ఒక పద్ధతి ఉన్నది. నిటారుగా ఎదిగిన కొమ్మలను నెమ్మదిగా క్రిందికి వంచి, తాళ్లతో మేకులకు కట్టి ఉంచుతారు. అట్లా వంచిన కొమ్మలమీద క్రొత్త చిగుళ్లు, పూలు ఎక్కువగా వస్తాయి. చెట్టు మొదలును ఎవరూ వంచబోరు. అది వంగదని తోటమాలికి తెలుసును. తొందరపడి లాగితే కొమ్మ విరుగుతుందనీ తెలుసును. మనిషి దేహంలోనూ ఎముక మొదలు వంటిది, కండరం కొమ్మ వంటిది. మొక్కై వంగనిది మానై మొక్క వలె వంగదన్నది నిజమే. కాని మానుకూ తనకు తగిన వంపు కొంత ఉన్నది. దానిని పొందడానికి కావలసినది యౌవనం కాదు. విడతకు ఒక నిమిషం ఓపిక, మరునాడు మళ్లీ మొదలుపెట్టే పట్టుదల.